మరియమ్మ కొండ మీద మైకు

మైకును మించిన ఉపకారి పల్నాటి సీమలో ఇంతవరకు అడుగు పెట్టలేదని నేను ఏ కోర్టులోనైనా ప్రమాణం చేసి చెబుతాను! చెవులు హోరెత్తుతున్నాయనీ, గేదెలు బెదిరి పాలు ఎగ్గొడుతున్నాయనీ కొందరు గొణుగుతున్నారు. వాళ్ళు అభివృద్ధికి శత్రువులు. స్వరాజ్యం వచ్చి రెండేళ్ళయినా కాలేదు, అప్పుడే చెవులు హోరెత్తడం ఏమిటి?

ప్రమాణాలు నాకు కొత్త కాదు. గురజాల కోర్టు వసారాలో చాప పరుచుకుని ఇరవై రెండేళ్ళుగా అర్జీలు రాస్తున్నాను. ఊళ్ళో అందరూ రైటరు గారంటారు. గట్టు తగాదాలు, తప్పిపోయిన గేదెలు, అన్నదమ్ముల వాటాలు, ఏదైనా సరే, నా రాత దాఖలు కాని కచేరీ తాలూకాలో లేదు. ఇంత గొప్పవాణ్ణి కనకే మా ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడేవాళ్ళు కారు.

ఎవరూ అంటే ఒక్కరే. మా ఆవిడ సుబ్బరత్నం. మొన్న తిరునాళ్ళ నాటికి మాట మానేసి నాలుగు నెలలయింది.

బెల్లంకొండలో వాళ్ళమ్మకు జబ్బు చేసింది. మా గేదె ఈనే రోజులు కావడంతో సుబ్బరత్నం కదలలేకపోయింది. ఉత్తరం రాసిపెట్టమని నన్నడిగింది. తనకు రాయడం రాదు. రెండే రెండు మాటలంది. నాకేమో కచేరీలో ఊపిరి సలపని పని. రేపు రాద్దామన్నాను. మర్నాడూ రేపే అన్నాను. అలా నాలుగు వాయిదాలు వేశాను. అయిదో రోజు బెల్లంకొండ నుంచి మనిషి వచ్చాడు. అమ్మ పోయిందని చెప్పాడు.

అప్పుడైనా నేను నోరు మూసుకోవచ్చు గదా? మూసుకోలేదు. "రాసినా అందేది కాదులేవే, తపాలా సంగతి తెలిసిందేగా" అన్నాను.

అదే మా ఇంట్లో ఇద్దరి మధ్య నడిచిన చివరి మాట. తప్పు నాదని నాకు తెలుసు. మరి తెలిసినవాడు చెప్పొద్దా అంటారా? ఇతరుల తరఫున ఎన్ని వందల క్షమాపణలు రాశానో లెక్క లేదు. నా తరఫున ఒక్కటి చెబుదామంటే నాలుక పిడచగట్టుకుపోయేది. ఆమెతో మళ్ళీ మామూలుగా మాట్లాడాలని, ఆమె నన్ను తిట్టినా సరే వినాలని, నాకెంత ఉండేదో ఎవరికి చెప్పను?

మాచర్ల దారిలో ఒక రాళ్ళకొండ ఉంది. దాని నడుమ, పెద్ద బండల సందున గుహలాంటి చోట క్రైస్తవులు మరియమ్మ తల్లి స్వరూపాన్ని నిలిపారు. గోడల్లేవు, కప్పు లేదు. ఏటా ఫిబ్రవరిలో తిరునాళ్ళ. క్రైస్తవులే కాదు, కోటప్పకొండకు ప్రభ కట్టేవాళ్ళూ ఎక్కుతారు. మరియం బీబీ అంటూ తురక ముసలమ్మలూ ఎక్కుతారు. తల్లికి మనవి చెప్పుకుంటే జరిగి తీరుతుందని పేరు. ఈసారి తానూ వెళతానని సుబ్బరత్నం పక్కింటి సీతమ్మతో అంది. గోడ ఇవతల నేనున్నప్పుడు అంది కాబట్టి నాతో అన్నట్టే లెక్కగట్టుకుని నేనూ బయల్దేరాను.

కరీముల్లా జట్కాలో, తోలే అతనితో కలిపి ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం.

"కరీముల్లన్నా, నీ ఎనకమాల కూచున్నాయన్ని కాస్త కాళ్ళు ముడుచుకోమను" అంది సుబ్బరత్నం.

కరీముల్లా వెనక్కి తిరిగాడు. "రైటరు గారూ, కాళ్ళు ముడుచుకోవాలంట."

"ముడుచుకున్నానని చెప్పు."

"ముడుచుకున్నాడంటమ్మా." కరీముల్లా కొరడా పక్కన పెట్టాడు. "ఏందయ్యా ఇది, నా గుర్రానిక్కూడా ఇంత చాకిరీ లేదు. మీలో మీరు చెప్పుకోండి."

మాలో మేము చెప్పుకోలేదు. ఆరు మైళ్ళు ఆ గుర్రం తోక చూస్తూ కూర్చున్నాం.

ఇక కొండ సంగతి. చెప్పులు కింద వదిలి ఎక్కాలి. మెట్లు లేవు. నా శరీరం చాప మీద కూర్చోవడానికి తయారైంది గాని బండల మీద పాకడానికి కాదు. చంటిపిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు నన్ను దాటిపోయారు. ఊతకర్రతో ఒక ముసలాయన దాటిపోతూ "నిదానంగా రండి బాబూ, తల్లి యాడికీ పోదు" అని ధైర్యం చెప్పాడు. సుబ్బరత్నం పదడుగుల ముందు ఎక్కుతోంది. నేను కాలు జారినప్పుడల్లా ఆగేది. వెనక్కి మాత్రం చూసేది కాదు.

గుహ పక్కన చదునైన బండ మీద నూర్ మొహమ్మద్ కొలువు తీరి ఉన్నాడు. నరసరావుపేటలో గ్రామఫోన్లు బాగుచేస్తాడు. ఒక లారీ బ్యాటరీని, ఒక పెట్టెను, మనిషి దూరేంత బూరాను నలుగురి చేత కొండ మీదికి మోయించుకొచ్చాడు. పోయినేటి దాకా ఎవరి మనవి వాళ్ళు పెదవుల్లోనే చెప్పుకునేవాళ్ళట. ఎవరేం అడిగారో పక్కవాడికి తెలిసేది కాదట. ఎంత అన్యాయం! ఇప్పుడు ఆ బాధ లేదు. మనవి కాయితం మీద రాసి, క్రైస్తవుల చేత ప్రార్థనలు చెప్పించే ఉపదేశి యోహాను చేతికిస్తే ఆయన దాన్ని మైకులో చదువుతాడు. తల్లికి, తల్లితో పాటు తాలూకాకు, ఒకేసారి చేరుతుంది.

దీనివల్ల ఎన్ని లాభాలో చూడండి. ఒక కోడలు తన అత్తకు మంచి బుద్ధి ప్రసాదించమంది. అత్త అక్కడే ఉంది. వెంటనే ఇంకో కాయితం రాయించింది. చిలకలూరిపేట మిల్లు గుమాస్తా తన మేనేజరుకు దూరదేశం బదిలీ కావాలన్నాడు. రెండు బండల అవతల కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది ఆ మేనేజరే! ఒక పెద్దమనిషి పదేళ్ళ కిందట ఫలానావాడి గడ్డివాము తగలబెట్టింది తానేనని, క్షమించమని వేడుకున్నాడు. ఆ కేసులో ఫిర్యాదు రాసింది నేనే. వేరేవాడి మీద రాశాను. ఏ జడ్జీ తేల్చలేని నిజాలు ఆ బూరాలోంచి పొర్లుకుంటూ వస్తుంటే మైకును నిందించడానికి మనసెలా వస్తుంది?

ఇంతకీ ఈ కాయితాలన్నీ రాసిందెవరనుకున్నారు? రాయడం రానివాళ్ళంతా నన్ను గుర్తుపట్టి చుట్టుముట్టారు. నేను కాదనగలనా? మోకాలి మీద అట్ట పెట్టుకుని అడిగినవాళ్ళకల్లా అప్పటికప్పుడు రాసిచ్చాను. ఒక్కరికీ రేపు అనలేదు. తల ఎత్తి చూస్తే సుబ్బరత్నం ఎదురుగా బండ మీద కూర్చుని నా చేతినే చూస్తోంది. నాకు సిగ్గేసింది. అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

అప్పుడు తట్టింది. నా నోరు చెయ్యలేని పని మైకు చేస్తుంది గదా! ఒక కాయితం తీసి నా మనవి నేనే రాసుకుని యోహానుకిచ్చాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మహారాజశ్రీ కొండ మరియమ్మ తల్లి గారి దివ్య సముఖమునకు. గురజాల కాపురస్థుడు, అర్జీల రైటరు, ఫిర్యాది. సదరు ఫిర్యాది భార్య సుబ్బరత్నం, ముద్దాయి. ముద్దాయి గత నాలుగు మాసములుగా ఫిర్యాదితో మాటలాడుట మానివేసినది. ముద్దాయి తల్లికి ఉత్తరము వ్రాయుటలో కొంత జాప్యము సంభవించినట్లు ఫిర్యాదికి తెలియవచ్చుచున్నది. కావున సదరు ముద్దాయిచేత మాటలాడింప ప్రార్థన."

చెయ్యి తిరిగినవాడి తిప్పలు అవి. కలం పట్టుకుంటే అడిగేవాడు ఫిర్యాది, ఎదుటివాడు ముద్దాయి. ఇరవై రెండేళ్ళ అలవాటు. చేసిన తప్పు వినేదాకా నాకు తెలియలేదు. కొండ అవతల మేకలు కాసేవాళ్ళు కూడా నిలబడి ఇటు చూస్తున్నారు.

సుబ్బరత్నం లేచింది. జనం దారిచ్చారు. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ముద్దాయిని నేనా?" అంది.

తల్లి మహిమ! అర్జీ పెట్టి అర నిమిషం కాలేదు, ఉత్తర్వు వచ్చేసింది. నాలుగు నెలల తరువాత నాతో, నా మొహం చూసి, మాట్లాడింది. సంతోషించడానికి నాకు వ్యవధి దొరకలేదు.

"సంభవించిందా? జాప్యం దానంతటదే సంభవించిందా?"

నేను నేల చూశాను. నూర్ మొహమ్మద్ మంచి మనిషి. మైకు ఊడదీసి తెచ్చి నా నోటి దగ్గర పెట్టాడు. "ఇందులో చెప్పండి రైటరు గారూ, అందరికీ బాగా వినపడుద్ది."

అందరికీ వినపడాల్సింది కాదది. మైకు పక్కకు నెట్టాను.

"నేనే రాయలేదు" అన్నాను. "నువ్వు నాలుగు రోజులు అడిగావు. తప్పు నాదే."

"వినపళ్ళా" అంది సుబ్బరత్నం.

మళ్ళీ చెప్పాను. ఆమె కళ్ళు ఒత్తుకుంది. తరువాత నా పక్కనే బండ మీద కూర్చుంది.

"కాయితం ఉందా?"

"ఉంది."

"మా అమ్మకు రాయి. నేను చెప్పిందే రాయి. సదరు, సంభవించు అని పెట్టావంటే చూడు."

నా చెవి దగ్గరికి వంగి చెప్పింది. రాశాను. యోహాను అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు.

"ఇది మైకుకు కాదు ఉపదేశి గారూ, మా అమ్మకు" అంది సుబ్బరత్నం. కాయితం మడిచి తల్లి పాదాల దగ్గర పెట్టి, గాలికి పోకుండా ఒక రాయి ఎత్తి పెట్టింది.

మైకు మేలు గురించి ఇంకా ఎంతైనా రాయగలను. ఊరి గుట్టంతా ఈ పత్రికలో బూరా పెట్టి చెప్పినవాడికి ఇక దాచేదేముంది అనుకోకండి. ఆ ఉత్తరంలో ఏముందో మాత్రం అడగవద్దు. రెండే రెండు మాటలు. కార్డు మీద రాస్తే సగం కూడా నిండదు. రాయడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.