మూడో ఫోటో

తొమ్మిదింటికి ఫ్లెక్సీ విప్పాలి, తొమ్మిదీ రెండుకి ఫోటో తియ్యాలి, తొమ్మిదీ అయిదుకి ఫ్లెక్సీ మళ్లీ కట్టేసి పోయి చాయ్ తాగాలి. శుక్రవారం పొద్దున లింగస్వామి వేసుకున్న పథకం ఇంతే. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, నిచ్చెన ఎవరి దగ్గర అడిగి తెచ్చుకున్నాడన్న సంగతి తప్ప.

దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక వీధిలో, ఒక మేడ మొదటి అంతస్తులో లింగస్వామీ పట్టాభీ కలిసి నడిపే ప్రకటనల ఆఫీసు ఉంది. లింగస్వామిది నల్లగొండ వైపు పల్లె. పట్టాభిది తెనాలి. పట్టాభి తండ్రి ముప్పై ఏళ్లపాటు గోడల మీద సబ్బులూ పళ్లపొడులూ రాయించిన కంపెనీ పేరే ఇక్కడా పెట్టుకున్నారు: 'ఆంధ్రా ప్రచార సేవ'. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రెండడుగుల నీలం అక్షరాలతో బోర్డు రాయించిననాడు ఆ పేరు ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. తర్వాత ఉద్యమం ఊపందుకుంది. బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ పోయి టీజీ వచ్చింది. ఆంధ్రా అన్న మాట కనపడ్డ బోర్డుకల్లా ఎవరో తారు పూసిపోయారు. లింగస్వామి ముందుచూపున్న మనిషి కనక ఈ చివర నుంచి ఆ చివరకి 'జై తెలంగాణ' ఫ్లెక్సీ కట్టేశాడు. తెలంగాణ రావాలని అతనికి మనస్ఫూర్తిగా ఉంది. బోర్డు పాడవకూడదనీ అంతే మనస్ఫూర్తిగా ఉంది.

అసలు చిక్కు ఇంటర్నెట్‌తో వచ్చింది. ప్రకటన మీద ఎవరైనా నొక్కితే, ఆ నొక్కు ముందుగా ఒక డొమైన్‌కి, అంటే ఒక వెబ్ చిరునామాకి, పోయి లెక్కలో పడి, అక్కణ్ణుంచి అసలు పేజీకి చేరుతుంది. ఆ లెక్క కట్టే డొమైన్ మామూలుగా ప్రకటనల్ని సైట్లలో వేసే నెట్‌వర్కు వాళ్లదే ఉంటుంది. మన సొంతది పెట్టుకోవాలంటే వాళ్లు ఆమోదించాలి. పక్క వీధిలో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్ నడిపే రామమోహనరావు గారు సొంతదే కావాలని పట్టుబట్టారు. "లెక్క మీ పేరు మీద ఉండాలండీ. రేపేదైనా తేడా వస్తే ఎవర్ని నిలదియ్యాలో నాకు తెలియాలి గదా" అన్నారు. సరేనని ఆంధ్రాప్రచార్ డాట్ ఇన్‌కి దరఖాస్తు పెట్టారు. ఈ పేరు గల సంస్థ నిజంగా ఉందా, ఉంటే ఆఫీసు ఫోటో పంపమని నెట్‌వర్కు వాళ్లు అడిగారు. పంపారు. 'ఫోటోలో మీ సంస్థ పేరు జై తెలంగాణ అని ఉంది. డొమైన్ పేరు వేరు. తిరస్కరించడమైనది' అని జవాబు వచ్చింది. రెండోసారి లోపల గోడకి కాగితం అంటించి ఫోటో తీసి పంపితే, ఇది బోర్డు కాదన్నారు. మూడోదే ఆఖరుది. యజమాని ఆ రోజు పేపరు చేత పట్టుకుని బోర్డు పక్కన కనపడాలి. శుక్రవారం సాయంత్రం అయిదులోపు చేరాలి.

చేరకపోతే రామమోహనరావు గారు వేరేవాళ్లని చూసుకుంటారు. ఆయన తప్ప చెప్పుకోదగ్గ ఖాతాదారు వాళ్లకి లేడు. ఆఫీసు మూతపడుతుంది. అప్పుడు సోమవారం నుంచి లింగస్వామి ఎల్బీ నగర్‌లో తన మామ లచ్చయ్య లారీ ఆఫీసుకి తిరిగి పోయి, ఇక సొంత ఆఫీసే చూసుకుంటానని ఆరు నెలల కింద తాను మానేసిన కుర్చీలోనే కూర్చోవాలి. ఏ లారీ ఎటు పోయిందో రాసుకుంటూ, టిఫిన్ డబ్బా మూత తీసినప్పుడల్లా 'సొంత ఆఫీసన్నవ్ గద అల్లుడా' అనే మాట వినాలి. ఆ మాట తలుచుకుంటేనే వారం నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

"నిచ్చెన గట్టిగ పట్టు పట్టాభీ" అన్నాడు లింగస్వామి పైనుంచి.

"పట్టుకున్నాన్లే. ఊగుతున్నది నిచ్చెన కాదు, నువ్వే. తొందరగా విప్పు."

నాలుగు ముళ్లలో ఒకటి విప్పాడో లేదో కింది నుంచి కేక వినపడింది.

"ఏంది తమ్మీ! జై తెలంగాణ ఇప్పుతున్నవ్?"

కింద టైర్ల దుకాణం అంతయ్య. ఆ వీధి ఉద్యమ కమిటీకి ఆయనే కన్వీనరు. దుకాణం పెట్టి ఏడాదే అయింది కాబట్టి ఫ్లెక్సీ కింద ఏముందో ఆయనకి తెలియదు. పైన ఉన్నది జై తెలంగాణ ఆఫీసనే నలుగురికీ గొప్పగా చెప్పుకుంటాడు. నిచ్చెన కూడా ఆయనదే.

"ఇప్పుతలేనన్నా" అన్నాడు లింగస్వామి, చెయ్యి ముడి మీదే ఉంచి. "ఎండకు ఎలిసిపోయింది. కొత్తది కట్టిద్దామని. జర పెద్దది."

అంతయ్య మొహం వెలిగిపోయింది. "పెద్దదా? గింత మంచి ముచ్చట నాకెందుకు చెప్పలే? సాయంత్రం నాలుగింటికి మన ర్యాలీ ఎల్బీ నగర్ నుంచి ఈడికే ఒస్తది. గప్పుడు అందరి ముంగట కడ్దాం. కుడి పక్కకు నా ఫోటో ఎయ్యుండ్రి. గప్పటిదాక గీ ఫ్లెక్సీని ఎవ్వలు ముట్టొద్దు."

ముట్టకుండా చూడటానికి ఒక కుర్చీ తెప్పించుకుని బోర్డు కిందే కూర్చున్నాడు. లింగస్వామి విప్పిన ముడిని తానే మళ్లీ వేసుకుని దిగాడు.

అబద్ధం ఒక్కటే ఆడాడు గానీ దానికి ఫ్లెక్సీ అచ్చువేయించాల్సి వచ్చింది. అంతయ్య ఫోటో పట్టుకుని పట్టాభి కొత్తపేట పరిగెత్తాడు. అక్కడ కరెంటు పోయింది. పన్నెండింటికి వస్తుందన్నారు, ఒంటిగంటకీ రాలేదు. ఇక్కడ లింగస్వామి కిటికీలోంచి అరగంటకోసారి తొంగి చూశాడు. అంతయ్య కదల్లేదు. భోజనం కూడా కుర్చీలోకే తెప్పించుకున్నాడు.

రెండింటికి రామమోహనరావు గారు ఫోన్ చేశారు. "ఏమైందండీ? రేపు పొద్దున బ్యాంకు పరీక్షకి అప్లికేషన్లు మొదలవుతున్నాయి. అయిదు దాటితే నా దారి నేను చూసుకుంటానండీ, మళ్లీ ఏమనుకోవద్దు." ఆ ఫోన్ పెట్టేలోపు భార్య గీత ఫోన్. "నాయన అడుగుతున్నడు. సోమవారం నుంచి ఒస్తవా, రావా? రాకుంటే ఎవలనన్న పెట్టుకోవాల్నట."

"సాయంత్రం చెప్తనని చెప్పు" అన్నాడు లింగస్వామి.

మూడున్నరకి పట్టాభి చెమటలు కక్కుతూ ఫ్లెక్సీతో వచ్చాడు. ఇద్దరూ తలుపేసుకుని ఆలోచించారు. పాతది విప్పాలి, కొత్తది కట్టాలి. ఆ రెంటికీ నడుమ బోర్డు బయటపడి తీరుతుంది. అర నిమిషమైనా చాలు.

"అయిదొందల మంది ముందరా?" అన్నాడు పట్టాభి. "మీద రాళ్లు పడితేనో?"

"నువ్వు కింద మందిల ఉంటవ్. పడితే నా మీదనే పడ్తయ్. నువ్వు మాత్రం ఫోటో సక్కగ తియ్యి."

నాలుగుంబావుకి డప్పుల మోత వీధి మొదట్లో వినిపించింది. గులాబీ జెండాలు, హాస్టళ్ల పిల్లలు, ఆటోలో మైకు. ర్యాలీ వచ్చి మేడ ముందు ఆగింది. అంతయ్య కొత్త ఖద్దరు చొక్కాలో మైకు అందుకుని, ఇక కానిమ్మని చెయ్యి ఊపాడు. లింగస్వామి చంకలో ఇంగ్లీషు పేపరు ఇరికించుకుని నిచ్చెనెక్కాడు. ఒకటి, రెండు, మూడు ముళ్లు. నాలుగోది విప్పగానే పాత ఫ్లెక్సీ జారి కింద పడింది.

'ఆంధ్రా ప్రచార సేవ'. మూడేళ్లు ఎండా వానా తగలని నీలం అక్షరాలు నిన్న రాసినట్టు మెరుస్తున్నాయి.

డప్పులు ఆగిపోయాయి. అయిదొందల మంది నిలబడ్డ వీధిలో ఎవరి సెల్‌ఫోనో మోగడం వినిపించింది. "ఏయ్, ఏందిరా అది?" అన్నారెవరో వెనక నుంచి. అంతయ్య మైకు దించి బోర్డు చదువుకున్నాడు. లింగస్వామి చంకలోంచి పేపరు తీసి, విప్పి, గుండెల మీద అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. చూసేవాళ్లకి అతనికి మతి పోయిందనిపించి ఉంటుంది.

"కదలకు!" అని గుంపులోంచి పట్టాభి అరిచాడు. ఫోన్ క్లిక్‌మంది.

జనం ముందుకు జరిగారు. ఎవరో నిచ్చెన పట్టి ఊపారు. అంతయ్య ఒకసారి జనాన్ని చూశాడు, ఒకసారి కొత్త ఫ్లెక్సీ మీద నవ్వుతున్న తన ఫోటోని చూసుకున్నాడు. ఇందులో తన పరువు కూడా ఉందని అర్థమైంది. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"సూసిండ్రా తమ్ములారా! గిది సూపెట్టనీకే మిమ్ముల ఈడికి తోల్కొచ్చిన! గీ బోర్డు ఇన్నొద్దులు మన వీధిల, మన నెత్తి మీదనే ఉన్నది. ఇయ్యాల మన లింగస్వామి సొంత చేతుల్తోటి దాన్ని కప్పేస్తుండు. జై తెలంగాణ!"

వీధి దద్దరిల్లింది. నిచ్చెన ఊపుతున్న చేతులే దాన్ని గట్టిగా పట్టుకున్నాయి. లింగస్వామి కొత్త ఫ్లెక్సీ కట్టి దిగుతుంటే నలుగురు అతన్ని భుజాల మీదికెత్తుకున్నారు. ఏడవాలో నవ్వాలో తెలియక అతను జెండా ఊపాడు.

నాలుగున్నరకి ఫోటో వెళ్లింది. మిత్రులిద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. నాలుగూ యాభై రెండుకి జవాబు వచ్చింది: 'ఆమోదించడమైనది.' దాని కింద చిన్న అక్షరాల్లో, లెక్కలో మోసం కనపడితే ఆమోదం రద్దవుతుందని ఉంది. అది చదివే ఓపిక ఇద్దరికీ లేదు. పట్టాభి ఆ క్షణమే ప్రకటన నడిపించేశాడు. లింగస్వామి రామమోహనరావు గారికి కబురు చెప్పి, మెట్లన్నీ దూకి, అంతయ్యని కావలించుకున్నాడు.

"నీ దయనే అన్నా! మా ప్రకటన పాసయింది. బ్యాంకు నౌకరీల సైటుల పైననే కనపడ్తది. ఎవలన్న నొక్కితే మాకు లెక్క పడ్తది."

"ఎంత మంది నొక్కితే అంత మంచిదా?" అన్నాడు అంతయ్య.

"గంతే అన్నా!" అనేసి లింగస్వామి మళ్లీ పైకి ఉరికాడు. గీతకి ఫోన్ చేసి, ఆరు నెలలుగా దాచుకున్న మాట ఛాతీ విరుచుకుని చెప్పాడు. "మీ నాయనకు చెప్పు, నేను రాను. గా కుర్చీ ఎవలకన్న ఇచ్చుకొమ్మను."

అప్పుడే కిటికీలోంచి మైకు వినిపించింది.

"తమ్ములారా! గింత చేసిన లింగస్వామికి మనం ఏం చేసినం? బ్యాంకు నౌకరీల సైటుల పైన ఆయన ప్రకటన ఉంటదట. అందరు నెట్ సెంటర్లకు పోయి నొక్కుండ్రి! పదిసార్ల కన్న తక్కువ నొక్కినోడు తెలంగాణోడే గాదు!"

ఒకే వీధిలోంచి ఒకే మనిషి పదేసి సార్లు నొక్కితే నెట్‌వర్కు వాళ్లు దాన్నేమంటారో లింగస్వామికి బాగా తెలుసు. పరిగెత్తాడు. ఆ వీధిలో ఏడు నెట్ సెంటర్లున్నాయి. ఏడింటిలోనూ కుర్చీకి ముగ్గురు చొప్పున కూర్చుని ఉద్యమస్ఫూర్తితో నొక్కుతున్నారు.

"ఆపుండ్రి తమ్మీ, మీకు దండం పెడ్త!" అని బతిమాలాడు.

"నువ్వు పరేషాన్ కాకన్నా" అన్నాడొక పిల్లవాడు తల తిప్పకుండా. "నేనొక్కన్నే నలభై కొట్టిన."

తిరిగి వచ్చేసరికి పట్టాభి కంప్యూటరులో లెక్క చూస్తున్నాడు. రెండు వేల నొక్కులు. అయిదూ ముప్ఫై ఎనిమిదికి ఉత్తరం వచ్చింది. ఇవన్నీ దొంగ నొక్కులనీ, డొమైన్ ఆమోదం రద్దు చేసి ఖాతా శాశ్వతంగా మూసేశామనీ, దీని మీద విన్నపాలు తీసుకోమనీ దాని సారాంశం. ఆమోదం నలభై ఆరు నిమిషాలు బతికింది.

పట్టాభి విన్నపం రాయడం మొదలుపెట్టాడు. లింగస్వామి గీతకి ఫోన్ చేసి, ఇందాకటి మాట ఇంకా మామ చెవిన పడలేదు కదా అని అడిగాడు.

"అప్పుడే చెప్పిన. పక్కింటి సాయికుమార్‌ని గా కుర్చీల కూసోబెట్టిండు కూడ" అంది గీత.

ఆరింటికి రామమోహనరావు గారు మెట్లెక్కి వచ్చారు. లింగస్వామి లేచి నిలబడి, తిట్లు తినడానికి తల వంచుకున్నాడు.

"ఎవరండీ ఇది చేసింది?" అన్నారాయన ఆయాసపడుతూ. "సాయంత్రం మా ఫ్రీ డెమో క్లాసుకి రెండొందల మంది వచ్చారు! బెంచీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. మా సెంటర్ పుట్టాక ఇంతమందిని చూళ్లేదు."

నొక్కి నొక్కి అలిసిన పిల్లలు ప్రకటనలో ఏముందో చివరికి చదివారట. చిరునామా పక్క వీధే. ర్యాలీ ఎలాగూ అయిపోయింది, పోయి కూర్చున్నారు.

లింగస్వామి అబద్ధమాడే శక్తి పొద్దున్నే ఖర్చుచేసేశాడు. "కింద అంతయ్య అన్న మైకుల చెప్పిండు సార్" అన్నాడు.

రామమోహనరావు గారు అంతే వేగంగా మెట్లు దిగారు. లింగస్వామి వెనకే వెళ్లాడు. అంతయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఆంధ్రోళ్లా సార్?"

"తణుకండీ."

అంతయ్య గడ్డం గోక్కున్నాడు. "మా పిల్లలకు నౌకరీలు ఒస్తయా మరి?"

"కష్టపడి చదివితే వస్తాయండీ."

"అయితే కూసోండ్రి" అని ఒక టైరు ముందుకు జరిపాడు.

పది నిమిషాల్లో మాట కుదిరింది. ఇకమీదట కోచింగ్ సెంటర్ ప్రచారం అంతయ్యది. ఇంటర్నెట్ ఊసు లేదు, మైకూ ఫ్లెక్సీలూ చాలు. రామమోహనరావు గారికి ఒక్క షరతే మిగిలింది.

"ఎంతమంది మీ మాట మీద వచ్చారో నాకు లెక్క కావాలండీ. గేటు దగ్గర నిలబడి, వచ్చినవాణ్ణి ఆపి, ఎవరు పంపితే వచ్చావని అడిగి, రాసుకుని లోపలికి పంపే మనిషి ఉండాలి. సోమవారం నుంచే. మన ఇద్దరికీ నమ్మకమైనవాడైతే మంచిది."

ఇద్దరూ లింగస్వామి వైపు తిరిగారు. అంతయ్య అతన్ని కాళ్ల నుంచి తల దాకా ఓసారి పరీక్షగా చూసి, అక్కడికక్కడే ఆమోదించాడు.