నల్ల జాలీ వెనక

...అంటే మనం వాళ్ళకు కనబడం, వాళ్ళు మాత్రం మనకు కనబడతారు. మనిషి సుఖానికి ఇంతకంటే ఏం కావాలి? ఇన్నాళ్ళూ ఈ వసతి దేవుడికీ, కూడళ్ళలోని కెమెరాలకూ మాత్రమే ఉండేది. ఇక మీదట నాకూ ఉంటుంది. ఏడు గంటలకు ఈరప్ప వస్తాడు. జాలీలోకి తొంగి చూస్తాడు. లోపల చీకటి. "ఏమప్పా" అంటాడు. జవాబు రాదు. కాసేపు నిలబడి వెళ్ళిపోతాడు. వెళ్ళిపోతున్న ఈరప్ప వీపు ఎలా ఉంటుందో నేనింతవరకు చూడనే లేదు...

శనివారం పొద్దున నంజుండప్ప కుర్చీలో కూర్చుని ఇలా ఆలోచిస్తున్నాడు. ఆయన పెనుకొండలో ఒక ఆఫీసులో గుమాస్తా. ఇల్లు కొండ కిందే కాబట్టి కోతుల బెడద ఉంది. తలుపులకూ కిటికీలకూ స్టీలు జాలీలు బిగించింది కోతుల కోసమేనని అందరికీ చెప్పాడు, భార్య నాగరత్నమ్మతో సహా. అసలు కారణం పక్కింటి ఈరప్ప. బస్సు కండక్టరుగా రిటైరైనా ఆయన గొంతు రిటైర్ కాలేదు. రోజూ పొద్దున వచ్చి కూర్చుని, ఎప్పుడో తిరిగిన సర్వీసుల గురించి, ఎప్పుడో దిగిపోయిన ప్రయాణికుల గురించి చెబుతాడు. నంజుండప్ప వేరే ఏదో ఆలోచించుకుంటూ తల ఊపుతాడు. ఎవరు మాట్లాడినా అలా తల ఊపడం ఆయనకు అలవాటు.

జాలీ ఎంచుకోవడానికి కిందటి వారం ఇద్దరూ హిందూపురం వెళ్ళారు. దుకాణం రఫీక్ మూడు రకాల ముక్కలు బల్ల మీద పరిచి, నంజుండప్ప చేతికి కత్తి ఇచ్చాడు.

"పొడువన్నా! ఏం భయపడొద్దు, గట్టిగా పొడువు."

నంజుండప్ప పొడవలేదు. నాగరత్నమ్మ ధర్మవరం నేతగాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి. ఒక్కో ముక్కనూ వెలుతురుకు పట్టి చూసింది, వేళ్ళ మధ్య నలిపింది, చివరికి ఒకదాన్ని భుజాన వేసుకుంది.

"దీంట్లో అంచు వేరే రంగు రాదా?"

"అక్కా, ఇది చీర కాదక్కా!"

"మళ్ళీ మళ్ళీ మార్చేది కూడా కాదు కదప్పా. జీవితాంతం చూసుకోవాల్సింది నేను."

ఈలోగా నంజుండప్ప నల్ల ముక్కను మొహానికి అడ్డం పెట్టుకొని దుకాణం చీకటి మూలకు నడిచాడు.

"నేను కనిపిస్తాండానా?"

"లేదు," అంది భార్య.

"ఇప్పుడు?"

"లేదు. రాండి ఇట్ల, అందరూ చూస్తాండారు."

"ఇదే కావాలి," అన్నాడు నంజుండప్ప. ఆయన అంత తొందరగా దేన్నీ తేల్చడం నాగరత్నమ్మ ఎన్నడూ చూడలేదు.

"మంచిది తీసుకున్నావన్నా," అన్నాడు రఫీక్. "రెండు మాటలు గుర్తు పెట్టుకో. తలుపు పడితే తాళం తనంతకు తనే పడతాది. లోపలున్నా బయటున్నా తాళంచెవి లేందే రాదు. ఇంగోటి, లోపల లైటేస్తే మాత్రం బయటోళ్ళకు కనబడతావు."

నంజుండప్ప తల ఊపాడు.

శుక్రవారం సాయంత్రానికి రఫీక్ మనుషులు పని ముగించారు. శనివారం పొద్దున్నే నాగరత్నమ్మ కొత్త తలుపుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, గడప దగ్గర పళ్ళెంలో అరటిపళ్ళు ఉంచి, తాళాల గుత్తి చేతికి తీసుకుంది. ఆ ఇంట్లో ఏ కొత్త తాళమైనా ముందు ఆంజనేయస్వామి పాదాల దగ్గర పెట్టి తెచ్చాకే వాడతారు.

"ఏ గుడికి పోతాండానో చెప్తాండా, వింటాండారా? నేనొచ్చేదాకా తలుపు ముయ్యొద్దు. నా ఫోను వంటింట్లో ఛార్జింగు పెట్టినా."

నంజుండప్ప తల ఊపాడు.

ఆమె వీధి మలుపు తిరగ్గానే ఒక పెద్ద కోతి గోడ దిగింది. అరటిపళ్ళ వాసన పట్టుకొని, తెరిచి ఉన్న తలుపులోంచి, పిలిచిన చుట్టంలా లోపలికి వచ్చింది. నంజుండప్ప ఎగిరి లేచాడు. కుర్చీ వెనక్కి పోయి తలుపుకు తగిలింది. తలుపు ఊగి, 'టక్' అంది. రఫీక్ ఇచ్చిన గ్యారంటీ అంతా ఆ శబ్దంలో ఉంది.

వెనక తలుపుకు పొద్దున్నే తాళం వేసి ఉంది, ఆ చెవి కూడా అదే గుత్తిలో ఉంది. భార్యకు ఫోన్ చేస్తే వంటింట్లో మోగింది. రఫీక్‌కు చేశాడు.

"ధర్మవరంలో ఉండానన్నా, ఈడ పని మీదుండా. జాలీ కోసేకి కాదా అంటావా? కోస్తే తెగేదైతే నీకెందుకు అమ్ముతానన్నా!" రఫీక్ గొంతులో గర్వం దాగలేదు. "మధ్యాన్నానికి వస్తాలే."

కోతి ఇల్లంతా తిరిగి దారి దొరక్క, తలుపు జాలీ పట్టుకొని వేలాడింది. లైటు స్విచ్చి సరిగ్గా దాని పక్కనే ఉంది. నంజుండప్ప ఆ దరిదాపులకు పోకుండా గది చివర బీరువాను ఆనుకొని నిలబడ్డాడు.

ఏడు గంటలకు ఈరప్ప వచ్చాడు.

"ఏమప్పా నంజుండప్పా!"

నల్ల జాలీకి అతుక్కున్న కోతి మొహం ఒక్కటే ఈరప్పకు కనబడింది. దాని వెనక నుంచి మాట వచ్చింది.

"ఈరప్పన్నా! వచ్చినావా! నీ కోసమే చూస్తాండా!"

నంజుండప్ప తన జీవితంలో ఈ మాట అనడం ఇదే మొదటిసారి. ఈరప్ప నమ్మకపోవడానికి అదీ ఒక కారణమే. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, చేతులు జోడించాడు.

"స్వామీ! మా నంజుండప్ప యాడుండాడు?"

"ఈడనే ఉండా! నేనే నంజుండప్పను!"

"వాన్ని ఆవహించినావా స్వామీ?"

అది శనివారం. పూలమ్మే వెంకటక్క బుట్ట దించి నిలబడింది. ఆమెను చూసి పాలవాడు బండి ఆపాడు. నమ్మినవాళ్ళు చెంపలు వేసుకున్నారు, నమ్మనివాళ్ళు ఎందుకైనా మంచిదని చెప్పులు విడిచారు.

"స్వామీ, మా బోరులో నీళ్ళు పడతాయా?" అని అడిగింది వెంకటక్క.

"ముందు తాళంచెవి తేండి! నాగరత్నమ్మ ఆంజనేయస్వామి గుడికి పోయిండాది!"

"ఏ గుడి?"

పెనుకొండలో ఏడాదికి ఎన్ని రోజులో అన్ని ఆంజనేయస్వామి గుళ్ళు ఉన్నాయని చెప్పుకుంటారు. వాటిలో తన భార్య ఏ గుడి పేరు చెప్పిందో నంజుండప్పకు తెలియదు. తల ఊపడం మాత్రం గుర్తుంది.

కుర్రాళ్ళు మోటారుసైకిళ్ళ మీద గుడికొకరు బయలుదేరారు. వెళ్ళిన చోటల్లా నాగరత్నమ్మ దొరకలేదు కానీ, సంగతి మాత్రం చెప్పారు. ఆ గుళ్ళలో ఉన్న భక్తులంతా ఇటు నడిచారు. కాసేపటికి వీధి నిండింది. కొబ్బరికాయలు కొట్టడానికి గడప చాలలేదు. ఈరప్ప ఎక్కడి నుంచో పాత విజిల్ తెచ్చుకున్నాడు.

"లైన్లో రాండి! పిల్లోళ్ళు ముందు! ఏయ్, తోసుకోవద్దు, ఇంగా జాగా ఉండాది, వెనక్కి జరగండి!"

కుర్రాళ్ళు చేరని గుళ్ళో ఉన్న నాగరత్నమ్మకు జనం నోటే తెలిసింది, ఎవరింట్లోనో స్వామి వెలిశాడని. చేతిలో తాళాల గుత్తి, కొబ్బరి చిప్పలతో జనం వెంట వచ్చి చూస్తే అది తన వీధి. ఇంకాస్త జరిగి చూస్తే తన ఇల్లు.

"జరగండమ్మా, అది నా ఇల్లు!"

"స్వామి ముందర నీది నాది ఏముందక్కా, లైన్లో రా," అన్నారు ముందున్నవాళ్ళు.

వరసను వెనక్కి నెట్టేసిన ఈరప్ప, ఎవరూ వినడం లేదని చూసుకొని, జాలీ దగ్గరికి వంగాడు.

"స్వామీ, నాదొక మాట. నంజుండప్ప ఈ జాలీ పెట్టించింది కోతులకు కాదు, నాకు. తెలుసు నాకు. నేను శానా మాట్లాడతా. ఏం చేసేది? బస్సులో దినామూ ఊరంత మందితో మాట్లాడినోన్ని. ఇప్పుడు ఇంట్లో గోడలుండాయి. వాడు నా మాట వినడు, అదీ తెలుసు. విన్నట్ల తలూపుతాడు. నాకది చాలు స్వామీ. వాన్ని ఏమీ చెయ్యొద్దు."

కోతి బుగ్గలోని అరటిపండు నమిలింది. బీరువా దగ్గర నంజుండప్ప తల ఊపలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక మనిషి చెప్పింది మొదటి నుంచి చివరి దాకా విన్నాడు.

ఎట్టకేలకు నాగరత్నమ్మ వంతు వచ్చింది. స్వామికి దండం పెట్టకుండా నేరుగా తాళంలో చెవి తిప్పేసరికి వెనకవాళ్ళు హాహాకారాలు చేశారు. తలుపు తెరుచుకోగానే కోతి దిగి, ఆమె చేతిలోని కొబ్బరి చిప్ప తీసుకొని, గోడెక్కి వెళ్ళిపోయింది. దాని వెనక నంజుండప్ప బయటికి వచ్చాడు.

జనం ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు.

"అయితే బోరు సంగతేంది?" అంది వెంకటక్క.

ఈరప్ప మాత్రం నంజుండప్ప మొహం చూసి, ఒకసారి జాలీని చూసి, విజిల్ జేబులో వేసుకొని గబగబా ఇంటికి నడిచాడు. ఆ వీపు ఎలా ఉంటుందో నంజుండప్పకు అప్పుడు తెలిసింది. అనుకున్నంత బాగాలేదు.

ఆదివారం పొద్దున నంజుండప్ప మళ్ళీ జాలీ వెనక కుర్చీలో కూర్చున్నాడు. కోతి లేదు, జనం లేరు. వీధి అంతా ఆయనకు కనబడుతోంది, ఆయన ఎవరికీ కనబడడం లేదు. హిందూపురం దుకాణంలో కోరుకున్నది కోరుకున్నట్టే ఉంది. ఈరప్ప పాల ప్యాకెట్టు పట్టుకొని వచ్చాడు. గేటు దగ్గర నడక నిదానించాడు. నల్ల తలుపు వైపు చూశాడు. ప్యాకెట్టు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

పిలిస్తే పొద్దుటి పూటంతా పోతుంది. రేపూ పోతుంది, ఎల్లుండీ పోతుంది. మదనపల్లి సర్వీసు కథ మళ్ళీ మొదటి నుంచి వినాలి. ఈసారి తల ఊపడం కూడా కుదరదు, నిజంగానే వినాలి. పిలవకపోతే... ఆ రెండో ఆలోచన పూర్తి కాకుండానే నంజుండప్ప లేచి, గోడ మీద చెయ్యి వేసి లైటు స్విచ్చి నొక్కాడు.

"పట్టపగలు లైటెందుకప్పా, కరెంటు దండగ!" అన్నాడు ఈరప్ప, చెప్పులు విడుస్తూ.