ఉప్పు డబ్బా పక్కన ఎర్ర లైటు

"ఈ చదువు పూర్తయ్యేలోపు పిల్లకు మాట పడిపోతుందేమోనండీ" అన్నాను మా ఆయనతో, మా అమ్మాయి మీడియా, కల్చర్, కమ్యూనికేషన్ పీజీలో చేరిన రోజునే. ఆయన పేపరు పక్కకు తీయలేదు. ఈ ఇంట్లో నా భయాలకు వచ్చే జవాబు ఎప్పుడూ పేజీ తిప్పిన చప్పుడే.

నేను పదో తరగతి దగ్గరే ఆగిపోయినదాన్ని. అయినా ధైర్యం చేసి చెబుతున్నాను. ప్రతి ఇంట్లోనూ ఒక కమ్యూనికేషన్ విద్యార్థి ఉండి తీరాలి. కడుపున పుట్టకపోతే అద్దెకైనా తెచ్చుకోవాలి!

ఎందుకంటారా? మా అమ్మాయి థీసిస్‌కు ఎంచుకున్న విషయం "భోజనాల బల్ల దగ్గర కుటుంబ సంభాషణ". ఏ కుటుంబమే అంటే, మనదే అంది. ఊళ్ళో ఇంకెవరూ అన్నం తిననట్టు! ఉప్పు డబ్బా పక్కన అగ్గిపెట్టెంత రికార్డర్ పెట్టింది. నడుస్తున్నప్పుడు దానికి ఎర్ర లైటు వెలుగుతుంది. అది పేలుతుందేమోనని మొదటి వారం నా కంచం ఆ చివరకు జరుపుకున్నాను.

దానికో నియమం ఉంది. లైటు వెలుగుతున్నంతసేపూ పరిశోధన చేసేవాళ్ళు నోరు విప్పకూడదు. విప్పితే మిగతావాళ్ళ మాటలు అటే వంగిపోతాయట. "ఉప్పు సరిపోయిందా తల్లీ?" అని అడిగితే మా అమ్మాయి నావైపు ఓ చూపు చూసి, నోట్సులో ఏదో రాసుకునేది. సరిపోతే అంత రాయాలా?

అయినా లాభాలు చూడండి. పాతికేళ్ళుగా "ఊఁ", "ఉహూఁ"లతో సంసారం నెట్టుకొచ్చిన మా ఆయన, లైటు వెలగగానే వార్తలు చదివేవాడిలా గొంతు సవరించుకుని, "కూర చాలా రుచిగా ఉంది. నీ శ్రమకు ధన్యవాదాలు" అన్నారు. నా చేతిలో గరిటె జారిపోయింది. నుదురు పట్టి చూశాను. జ్వరం లేదు.

మా బట్టల నీళ్ళు వాళ్ళ గోడ మీద పడుతున్నాయని పక్కింటి వదిన కొంగు బిగించి వచ్చింది. బల్ల మీద లైటు చూసింది. "నీళ్ళదేముంది వదినా, అవే ఆరతాయి" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. నలుగురు పెద్దమనుషులు కూర్చున్నా తేలని తగాదా!

అన్నిటికన్నా పెద్ద సుగుణం ఇంకొకటి. రికార్డయిన ప్రతి ముక్కా మళ్ళీ విని టైపు చేయాలట. ఓసారి వెనక నిలబడి తొంగిచూశాను. "తల్లి: నిట్టూర్పు" అని ఉంది. పెళ్ళయిన నాటి నుంచీ నిట్టూరుస్తున్నాను. ఒక్కరైనా రాసిపెట్టుకున్నారా?

ఇల్లు ఇలా స్వర్గమైపోయిన రోజుల్లోనే పిల్ల అన్నం కెలికి లేచిపోవడం మొదలుపెట్టింది. కళ్ళు ఉబ్బి ఉంటున్నాయి. కీడెంచడానికి నా మనసు ముహూర్తం చూడదు. కాలేజీలోంచి వెళ్ళగొట్టారా? ఏదైనా జబ్బా? "ఏమైందే?" అంటే, "అమ్మా, రికార్డవుతోంది." ఆపాక అడుగుదామంటే చెవుల్లో ఇయర్‌ఫోన్లు. తలుపు కొడితే, "టైపు చేస్తున్నానమ్మా." మాట్లాడుకోవడం గురించి అంత పెద్ద చదువు చదివే పిల్లతో మాట్లాడే దారేది?

ఉంది. ఎవరూ లేనప్పుడు రికార్డర్ మీట నొక్కి దాని ముందు కూర్చున్నాను.

"తల్లిని మాట్లాడుతున్నాను. ఇది నువ్వు వినక తప్పదు. నీ కష్టమేంటో చెప్పు. చదువు మానేస్తానన్నా సరే, నాన్నకు నేను చెప్పుకుంటా. ఒంట్లో బాగోకపోతే ముందు అది చెప్పు. ఇక్కడ నిట్టూర్పు అని రాసుకో."

మర్నాడు దాని గదిలోంచి టకటకమని వినిపిస్తున్న టైపు చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. నేను కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతున్నాను. కాసేపటికి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"మా మేడమ్ థీసిస్ తిప్పి పంపారమ్మా."

"తప్పులున్నాయా?"

"తప్పులుంటే దిద్దుకునేదాన్ని. ఇదంతా నువ్వే రాసిచ్చి ఇంట్లోవాళ్ళతో చెప్పించావు అన్నారు. ఏ ఇంట్లోనూ మనుషులు ఇంత మర్యాదగా మాట్లాడుకోరట. మామూలుగా మాట్లాడుకునేది తేకపోతే డిగ్రీ రాదమ్మా."

హమ్మయ్య, జబ్బు కాదు. కానీ చూశారా, నన్ను మురిపించిన ధన్యవాదాలే నా బిడ్డ కొంప ముంచాయి. ఆ మేడమ్‌ను తప్పుపట్టను. ఎర్ర లైటు చూస్తే తప్ప పెళ్ళాన్ని మెచ్చుకోని ఇల్లు ఉంటుందని ఆవిడ మాత్రం ఎలా నమ్ముతుంది?

ఆ పూట రికార్డర్ మీట నొక్కి, వెలిగిన ఎర్ర లైటు మీద నల్ల టేపు ముక్క అంటించాను. అమ్మాయికి చెప్పాను. ఆయనకు చెప్పలేదు.

ఆయన బల్ల మీదికి చూశారు. లైటు లేదు. పేపరు లేచింది. దాని వెనక నుంచి, "మళ్ళీ ఇదే కూరా?"

"ఉప్పు సరిపోయిందా?" అన్నాను.

పేజీ తిరిగింది.

అమ్మాయి టేపు ముక్కకేసి చూసింది. నోట్సు మూసి పక్కన పెట్టింది. నోట్లో ముద్ద మింగి, నీళ్ళు తాగి, అప్పుడంది.

"ఎక్కువైందమ్మా. నెల నుంచీ."