రాజు నిదానంగా చావాలి

నాటకంలో వీరుడనేవాడు కనీసం నలభై నిమిషాలు చనిపోవాలి. అంతకంటే తొందరగా పోయేవాడిది ధైర్యమే కాదు!

ఎల్లారెడ్డిలో రాజు వేషం కట్టే మార్కండేయ ఇరవై ఏళ్లుగా ఇలాగే పోతున్నాడు. రొమ్మున బాణం దిగాక పదకొండు పద్యాలు. వెన్ను చూపడు, శరణు అనడు. జనం ‘వన్స్ మోర్’ అంటే లేచి, కిరీటం సర్దుకుని, మళ్లీ మొదటి పద్యం నుంచి పోతాడు. ఇంతటి ధైర్యం మిలట్రీలో మాత్రం ఉంటుందా?

దీనివల్ల సంసారానికీ లాభమే. ఆయన ఒకసారి చనిపోయేలోపు, ముందు కూర్చున్న భార్య అరుణజ్యోతి ఒళ్లోని చాటలో మూడు కట్టల బీడీలు చుట్టేస్తుంది. వన్స్ మోర్ పడితే ఆరు!

ఈ ఏడు కూతురు వినీతకు కామారెడ్డి డిగ్రీ కాలేజీలో సీటొచ్చింది. శనివారంలోగా చేరకపోతే పోతుంది. ఆడపిల్లకు హాస్టలేమిటని మార్కండేయ అన్న తిరుపతి అడ్డం పడ్డాడు. ఆయన మాట కాదని ఆ ఇంట్లో ఎవరూ గడప దాటరు. అన్నతో తానే మాట్లాడతానని మార్కండేయ మాటిచ్చాడు. మాట కోసం వందసార్లు ప్రాణమిచ్చిన మనిషి! అరుణజ్యోతి నిశ్చింతగా వారం రోజులు ఎదురుచూసింది.

శుక్రవారం పొద్దున తిరుపతే వచ్చాడు.

“ఏందిరా, పిల్ల కామారెడ్డి పోతదట?”

వీరుడు గొంతు పట్టుకున్నాడు. సాయంత్రం నాటకముంది, మాట్లాడకూడదని వేలితో సైగ చేశాడు. ఆ వేలు అటూ ఇటూ తిరిగి భార్య వైపు ఆగింది.

అరుణజ్యోతి చాట పక్కన పెట్టింది. “అవును బావా, పోతది. రేపు నేనే తోల్కపోత.”

“పెద్దోళ్లను అడిగేది లేదా?”

“వారం సంది అడుగుదామనే చూస్తున్నం. మీ తమ్మునికి తీరలే.”

తిరుపతి చాయ్ ముట్టకుండా లేచిపోయాడు. ఆయన సందు మలుపు తిరిగాక మార్కండేయకు గొంతు వచ్చింది.

“నేను ఒప్పుకున్ననని చెప్పలే గద?”

చూశారా, యుద్ధానికి ముందు వీరుడు ఎంత ముందుచూపుతో ఉంటాడో!

ఆ సాయంత్రం రాజు రెండుసార్లు పోయాడు. తిరుపతి కండ్లు తుడుచుకుంటూ స్టేజీ ఎక్కి, శాలువా కప్పి, మైకులో చెప్పాడు: “మా తమ్ముడు ఎవ్వలకూ జంకడు.” చప్పట్లు మోగిపోయాయి. నిర్వాహకులు శాలువా ఒక్కటే తెచ్చారు. రెండోది తెచ్చినా ఎవరికి కప్పుతారు?

అరుణజ్యోతి ఈసారి నాటకానికి వెళ్లలేదు. ఇంట్లో వినీత బ్యాగు జిప్పు పడటం లేదు. అరుణజ్యోతి దానిమీద మోకాలు పెట్టి, పళ్లు బిగించి, లాగుతోంది.