మంత్రిగారి ముక్కులోంచి గాలి

ఫ్లూ అనే మాట ఇకపై నిఘంటువులో మాత్రమే ఉంటుందని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించారు. పదిమంది చేరే ప్రతి హాల్లోనూ గాలి ఆడాలన్నారు. ఆ సంగతి జనం మరిచిపోకుండా, "కిటికీలు తెరవండి" అని చెబుతున్న తన పదడుగుల ఫ్లెక్సీ బొమ్మను ప్రతి హాలుకూ ఉచితంగా పంపారు. అంతటి దూరదృష్టి గల నాయకుడు దొరకడం మన పుణ్యం.

బిలియర్డ్స్ క్లబ్బు మేనేజరు ఆ బొమ్మ విప్పి చూసి నీరుగారిపోయాడు. మూడు గోడల నిండా కర్రల స్టాండ్లు, స్కోరు బోర్డులు, సోడాల కౌంటరు. ఖాళీ ఉన్నది నాలుగో గోడకే. హాలుకున్న ఒక్కగానొక్క కిటికీ కూడా అక్కడే. బొమ్మ పెట్టకపోతే లైసెన్సు రద్దు. పెట్టాడు. మంత్రిగారు కిటికీని నిండుగా కప్పేశారు.

వారం తిరిగేసరికి పన్నెండుమంది సిబ్బందిలో అయిదుగురు మంచం పట్టారు. కౌంటరు చూసే బావమరిది దగ్గుతూనే సోడాలు అందిస్తున్నాడు.

"బావా, ఆ బొమ్మ పీకేద్దాం. ఊపిరాడటం లేదు."

"మంత్రిని పీకడం మనవల్ల అవుతుందట్రా? ముందు నన్ను పీకేస్తారు."

పైకి అలా అన్నాడు గానీ, వాడి ఒళ్లు కాలిపోతుంటే మేనేజరు చూడలేకపోయాడు. ఇంటికెళ్లి వాడి అక్కకు ఏం చెప్పాలి?

సోమవారం ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"కిటికీ ఏదయ్యా?"

"మంత్రిగారి వెనక ఉందండీ. తెరిచే ఉంది. గాలే రావడం లేదు."

"గాలి రాకపోతే సీలు వేస్తాను."

"బొమ్మ తీసేయమంటారా?"

"తీసినా సీలే."

చట్టం మీద అంత పట్టున్న అధికారి మరి. దారి కూడా ఆయనే చూపించాడు. కత్తెర తెప్పించి మంత్రిగారి ముక్కుకు రెండు రంధ్రాలూ గుండ్రంగా కత్తిరించాడు. చల్లగాలి ఈల వేసుకుంటూ లోపలికొచ్చింది. బావమరిది ఆ ముక్కు కింద నిలబడి తనివితీరా ఊపిరి పీల్చుకున్నాడు. మేనేజరుకు ప్రాణం లేచొచ్చింది.

గురువారం మంత్రిగారే స్వయంగా తనిఖీకి విచ్చేశారు. వెంట కెమెరాలు, చేతిలో ముక్కు తుడుచుకునే రుమాలు. బొమ్మను ఎగాదిగా చూశారు.

"ఇక్కడేదో లోపముంది," అన్నారు.

వెంట వచ్చిన ఇన్‌స్పెక్టరు మేనేజరు వెనక్కి జరిగాడు.

"అందరికీ జాగ్రత్తలు చెప్పే నేనే మాస్కు లేకుండా ఉంటే ఎలాగయ్యా?"

ఇన్‌స్పెక్టరు కౌంటరు మీది గుడ్డ లాగి, అంచులకు జిగురు పూసి, బొమ్మకు ముక్కూ మూతీ కనపడకుండా అతికించేశాడు. ఈల ఆగిపోయింది. మంత్రిగారి వెంట వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు.

పది రోజుల తర్వాత 'గాలాడే ఆదర్శ హాలు' అనే ప్రశంసాపత్రం ఇవ్వడానికి మంత్రిగారు మళ్లీ వచ్చారు.

"సిబ్బంది అంతా రండయ్యా, కలిసి ఫొటో దిగుదాం," అన్నారు ఆప్యాయంగా.

మేనేజరు ఒక్కడే గోడ పట్టుకుని నడిచొచ్చి పక్కన నిలబడ్డాడు.