రాతికెక్కిన పొగడ్త

ఒక పెద్ద అడవిలో జంతువుల పంచాయతీకి కొత్త భవనం కట్టారు. అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకరాజుగారికి పాత గుహ ఇరుకైందట. గుహ ఇరుకు కాలేదు, ఆయన నడుమే పెరిగిందని అందరికీ తెలుసు. అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ భవనం లేచింది మంగతాయారనే కుందేలు బొరియ మీద. ఆమె నిండు చూలాలు, పైగా వానలు దగ్గర పడ్డాయి. వేరే చోటు చూపించమని మూడు అర్జీలు పెట్టుకుంది. మూడూ చెదలు తినేశాయని కార్యదర్శి నక్క చెప్పింది.

"ఆకుల మీద రాసినవి ఎక్కడ నిలుస్తాయమ్మా? రాతి మీద చెక్కిందే ఇక్కడ తీర్మానం. అయ్యగారు పెట్టిన రూలది."

"అయితే నా అర్జీ రాతి మీదే చెక్కించండి బాబూ."

"రాయి అధ్యక్షులవారికే."

ప్రారంభోత్సవానికి చైనా నుంచి వలస వచ్చిన ముసలి బాతును పిలిచారు. పొరుగింటి పుల్లకూరే రుచి కదా, పొరుగుదేశపు పొగడ్త మరీ రుచి. బాతు మెడ సాచి భవనాన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"పూర్వం మా దేశంలో ఓ పెద్దమనిషి గొప్ప ఇల్లు కట్టాడు. చూడవచ్చిన వాళ్లలో ఒకాయన, 'ఎంత అందం, ఎంత ఎత్తు! ఎంత అందం, ఎంత వైభవం!' అన్నాడు. ఇప్పటికీ అందమైన భవనం కనబడితే మావాళ్లు ఆ మాటే అంటారు."

భల్లూకరాజు పొట్ట నిమురుకున్నాడు. "ఇంకేమైనా అన్నాడా?"

"అన్నాడు. 'ఇక్కడే పాడుకోండి, ఇక్కడే ఏడవండి, ఇక్కడే చుట్టపక్కాలంతా చేరండి' అన్నాడు. కష్టసుఖాలన్నిటికీ ఈ ఇల్లు చాలు, ఇక ఆశ పెంచుకోకని మందలింపు. ఆ సగం మావాళ్లు ఎత్తరు."

"ఎందుకు వదలాలి? మొత్తం చెక్కించండి. పొగడ్త ఎంత పొడవైతే అంత గౌరవం," అన్నాడు భల్లూకరాజు.

నక్క ఆయన చెవిలో ఏదో గొణగబోయింది. ఆయన వినలేదు. వడ్రంగిపిట్ట సాయంత్రానికల్లా గుమ్మం పక్క రాతి మీద చెక్కేసింది. కింద అధ్యక్షుడి ముద్ర కూడా పడింది.

మర్నాడు పొద్దున్నే మంగతాయారు ఆ రాతిని రెండుసార్లు చదువుకుంది. లోపలికి వెళ్లి, అధ్యక్షుడి ఆసనం కింద గడ్డి పరిచి, పోయిన బొరియను తలుచుకుని తనివితీరా ఏడ్చింది.

"ఏమిటీ ఏడుపు?" అంది నక్క.

"తీర్మానం బాబూ. ఇక్కడే ఏడవమన్నారు."

మధ్యాహ్నానికి చుట్టాలు దిగారు. కుందేళ్లకు చుట్టరికాలు తక్కువా? మేనత్తలు, పిన్నులు, వేలు విడిచిన మేనమామలు. రాతి ప్రకారం పాటలూ మొదలయ్యాయి. తొలి వాన పడేనాటికి ఆసనం కింద ఆరుగురు పిల్లలు వెచ్చగా పాలు తాగుతున్నారు. సమావేశానికి వచ్చిన భల్లూకరాజుకు కాలు పెట్టే చోటు లేదు.

"ఆ రాయి పీకేయండి," అన్నాడు.

"పీకాలంటే తీర్మానం కావాలి. తీర్మానానికి రాయి కావాలి. రాళ్లన్నీ భవనానికే అయిపోయాయండి," అంది నక్క.

భల్లూకరాజు తడుస్తూ పాత గుహకు నడిచాడు.

నీతి: ఎవరైనా పొగుడుతుంటే సగంలో లేచి వచ్చేయండి; పూర్తిగా విన్నవాడికి కట్టుకున్న ఇల్లు దక్కదు.