పాట నంబరుకు పర్మిషన్

ఆ ఆదివారం పొద్దున్న స్టాన్లీ వేసుకున్న పథకం చాలా చిన్నది. చీపురుపల్లిలో తమ చర్చి గోడ మీది కొత్త ఎర్రలైట్ల బోర్డులో పాట నంబరు వెలిగించడం, ఆ వెలుగులో మేనమామ కూతురు మెర్సీతో తన పెళ్లి ప్రకటన చదివించుకోవడం. మేనమామ డేవిడ్‌రాజు గారు సంఘపెద్ద. కొయ్య పలక మీద నంబరు అట్టలు తగిలించడం ఏళ్ల తరబడి ఆయన హక్కు. అది పోతోందన్న మంటతో షరతు పెట్టారు.

"బోర్డు ఎలిగితే పిల్లనిస్తాను. ఎలగలేదా, ప్రకటన సదివినప్పుడు నేనే లేసి అభ్యంతరం సెప్తాను."

బోర్డును నడపాలంటే సీరియల్ పోర్టు అనే పాతకాలం కేబుల్ సాకెట్టు కావాలి. అది ఉన్నది స్టాన్లీ పాత ల్యాప్‌టాప్‌కే. విండోస్ దాన్ని ఎప్పుడో వదిలేసింది కనుక దాని బదులు యూనిక్స్ అనే మరో సిస్టమ్ ఎక్కించి, అదేదో తన మేధస్సు అన్నట్టు తిరుగుతున్నాడు ఈ కంప్యూటర్ మాస్టారు. ల్యాప్‌టాప్ మొదట అసలు పోర్టే లేదంది. సెట్టింగుల్లో వెతికి దాన్ని నిద్రలేపితే, వాడుకోవడానికి పర్మిషన్ లేదంది.

"సంఘం తీర్మానం సేసినాక ఇంకెవుడి పర్మిషన్రా?" అన్నారు డేవిడ్‌రాజు గారు.

"నాదే మావా. నాకు నేనే ఇచ్చుకోవాలి."

"నీకు నువ్వే ఇచ్చుకోలేదు గానీ, నేను పిల్లనిచ్చీయాలేటి?"

స్టాన్లీ పర్మిషన్ ఇచ్చుకున్నాడు. బోర్డు సిద్ధమన్నాకే అక్షరాలు వెళ్లేలా, అందాకా కొట్టినవన్నీ ల్యాప్‌టాప్ దాచుకునేలా అమర్చాడు. బోర్డుకు తెలుగు రాదు కనుక తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. 'పాట నంబరు 12' అన్నాడు. బోర్డు నల్లగానే ఉంది. 'హలో హలో' అన్నాడు. అదే నలుపు. ఒళ్లు మండి 'మావకి ఏటీ తెలీదు' అని కొట్టాడు. ఎలాగూ వెలగదన్న ధైర్యంతో 'మావ పాటెత్తితే కాకులు కూడా ఎగిరిపోతాయి' అని జతచేశాడు. కేబుల్ చూడ్డానికి అతను బల్ల కిందికి దూరగానే పక్కనే నిలబడ్డ మెర్సీ కూడా ఏదో టకటకా కొట్టింది.

"ఏటి కొట్టినావే?"

"ఊరికే బావా. టెస్టింగు."

అక్షరాలు వెళ్లే వేగం మార్చాడు. కేబుల్ మార్చాడు. బోర్డుకు స్విచ్చి కూడా ఉంటుందన్న సంగతి మాత్రం అంత చదువుకున్నవాడికి తట్టలేదు. చర్చిలో అడుగుపెట్టగానే కరెంటు దండగని స్విచ్చులు కట్టేయడం డేవిడ్‌రాజు గారి అలవాటు. ఆ పొద్దున్నా ల్యాప్‌టాప్ ప్లగ్గు ఒక్కటి వదిలి అన్నీ కట్టేశారు.

గంట మోగింది. కొయ్య పలకే మళ్లీ గోడెక్కింది. స్టాన్లీ తల దించుకుని వెనక బెంచీలో కూలబడ్డాడు. పాస్టరుగారు ప్రకటన అందుకోగానే మెర్సీ తల్లి అప్పలమ్మ గారు పక్కనున్న భర్త డేవిడ్‌రాజు గారిని మోచేత్తో పొడిచారు.

"ఉక్కెత్తిపోతన్నాది. ఫేనెయ్యి ముందు."

ఆయన లేచి స్విచ్చులన్నీ వేసేసి, అక్కడే గొంతు సవరించుకుని నిలబడ్డారు.

"ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి," అన్నారు పాస్టరుగారు.

"ఉన్నాది!"

అప్పుడు వెలిగింది, ఇన్నాళ్టికి కరెంటు అందిన బోర్డు. ల్యాప్‌టాప్ దాచుకున్నవన్నీ వరసగా వచ్చాయి. పాట నంబరు 12. హలో హలో. మావకి ఏటీ తెలీదు. కాకుల దగ్గరికి వచ్చేసరికి బెంచీల్లో ఆడవాళ్ల కొంగులు నోళ్లలోకి వెళ్లాయి. డేవిడ్‌రాజు గారు వెనక్కి తిరిగి, కూడబలుక్కుని చదివి, వేలు చూపించారు.

"సూసినారా అయ్యగారూ, వీడికి నా పిల్లని..."

బోర్డు మీద మెర్సీ టెస్టింగు వచ్చింది. 'భావనపాడు నుంచి అమ్మని లేపుకొచ్చినప్పుడు నాన్న ఎవుడి పర్మిషన్ అడిగినాడు?'

పెద్దల మాట జవదాటరాదని కుర్రకారుకు ఏటా ప్రసంగించే డేవిడ్‌రాజు గారివైపు సంఘమంతా తిరిగింది. అప్పలమ్మ గారు బైబిల్లో ముఖం దాచుకున్నారు. ఆమె భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"అభ్యంతరం ఉందన్నారు?" అని పాస్టరుగారు గుర్తుచేశారు.

"ఉక్కగా ఉన్నాదన్నాను అయ్యగారూ. ఫేనెయ్యడానికి లేసినాను."

ఫ్యాను అప్పటికే తిరుగుతోంది.